పోలమ్మ లేవలేదు

బాగ్‌బేరా బస్తీలో నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళకి పోలమ్మ బక్కెట్లు వీధిలో వరస పెట్టేసి, అన్నం వార్చేసి, కూతురికి టిఫిన్ డబ్బా కట్టేసి ఉంటుంది. కూతురు త్రివేణి సోనారిలో పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. స్కూటీ తీస్తూ, "మమ్మీ, దవాయీ ఖా లేనా," అంటుంది. "మాత్ర ఏసుకుంటాన్లే, నువ్వు నెమ్మదిగా ఎల్లు," అంటుంది పోలమ్మ. తల్లిది తెలుగు, ఈ హిందీ ఊళ్ళో పుట్టి పెరిగిన కూతురిది హిందీ. ఆ ఇంట్లో మాటలు అలాగే నడుస్తాయి.

పిల్ల వెళ్ళాక ఒక్కోరోజు ఫోను మోగుతుంది. ఎవరు చేసినా అడిగేది ఒకటే.

"పోలమ్మత్తా, ఖాళీయేనా?"

ఖాళీయే అయితే ఇంటికి తాళం వేసి, చిన్న ప్లాస్టిక్ స్టూలు ఒకటి చంకన పెట్టుకుని బయల్దేరుతుంది. పోలమ్మ కూర్చున్న గదిలోంచి ప్రాణం పోదు. అంతే సంగతి. కొందరి చేత్తో నాటిన మొక్క బతుకుతుంది, కొందరు ఎత్తుకుంటే ఏడ్చే పిల్ల ఊరుకుంటుంది. పోలమ్మది ఇది.

మొదట బయటపడింది వాళ్ళ అత్త జోగమ్మ దగ్గర. ముసలామె ఊపిరి ఒక పగలంతా కొండెక్కుతున్న దీపంలా కొట్టుకుంటూనే ఉంది. పోలమ్మ మంచినీళ్ళకని లేచి వంటింట్లోకి వెళ్ళిందో లేదో, ఆగిపోయింది. ఆ తర్వాత ట్యూషన్లు చెప్పే సీతారామరావు. ఆయన కొడుకు ఎక్కిన రైలు లేటయింది. కొడుకు గుమ్మంలో అడుగుపెట్టి తండ్రి చెయ్యి పట్టుకునేదాకా పోలమ్మ స్టూలు మీంచి కదల్లేదు. అప్పట్నించి బస్తీలో తెలుగువాళ్ళూ బీహారు వాళ్ళూ ఒడియా వాళ్ళూ అందరూ పిలిచేవారే. సందు చివరి డాక్టరు కూడా, ఇంక మందు లేదనుకుంటే, "మీ వాళ్ళు దూరంలో ఉంటే పోలమ్మని కూర్చోబెట్టుకోండి," అని చెప్పి చీటీ మడిచి ఇచ్చేస్తాడు.

ఆమె కూర్చుంటే జబ్బు తగ్గదు. నొప్పీ తగ్గదు. ఊపిరి మాత్రం ఆగదు. రావలసినవాళ్ళు వస్తారు, ఏడుస్తారు, నోట్లో తులసి నీళ్ళు పోసేవాళ్ళు పోస్తారు. ఇంటి పెద్ద ఎవరో, "ఇంక చాలు, పోలమ్మా," అంటారు. ఆమె కళ్ళు మూసుకుని లోపల్లోపల ప్రభువుతో ఒక మాట చెప్పుకుని లేస్తుంది. లేచేసరికి అయిపోతుంది.

ప్రభువు అంటే, పోలమ్మా ఆమె మొగుడు సూర్యం పెళ్ళయిన కొత్తలోనే తెలుగు చర్చిలో చేరారు. బాప్తిస్మం రోజున పాస్టరుగారు మార్త అని పేరు పెడతానంటే, "మా నాన్న పెట్టిన పేరండి. దేవుడు ఈ పేరుతో పిలిత్తే నాను పలకనేటి?" అంది. పేరు అలాగే ఉండిపోయింది. సూర్యం మాత్రం ఆ రోజు నుంచి సారా మానేశాడు. మళ్ళీ ముట్టలేదు. అంతకు ముందు అతను ఎంత తాగేవాడో తెలిసినవాళ్ళు, ఆమె మహిమ కన్నా దీనికే ఎక్కువ ఆశ్చర్యపోయేవారు.

సూర్యం ఊరవతల ఒక కార్ఖానా రైలు సైడింగులో పని చేసేవాడు. వ్యాగన్లకి లింకు తగిలించడం, విప్పడం. అక్కడ జెండా ఊపి వ్యాగన్లని అటూ ఇటూ నెట్టించే షంటింగు మేస్త్రీ జగ్గారావు. పలాస దగ్గర పక్కపక్క ఊళ్ళ వాళ్ళు కాబట్టి రెండు కుటుంబాలకీ రాకపోకలుండేవి. జగ్గారావు భార్య సరస్వతమ్మ పోలమ్మని ఒదినా అనేది, జగ్గారావు చెల్లీ అనేవాడు. వాళ్ళ పిల్ల సింధూ, త్రివేణీ ఒకే బడికి ఒకే ఆటోలో వెళ్ళేవారు.

ఒకరోజు సూర్యం రెండు వ్యాగన్ల మధ్యలో ఉండగానే జగ్గారావు పచ్చజెండా ఊపాడు. ఇంజను వెనక్కి నెట్టింది.

కబురు తెలిసి పోలమ్మ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది. సైడింగు గేటు దగ్గర జగ్గారావు ఆమెని రెండు చేతులా అడ్డుకున్నాడు. "వద్దు చెల్లీ, నువ్వు సూడలేవు," అన్నాడు. ఆమె తోసింది, అరిచింది, అతని చొక్కా పట్టి లాగింది. వదల్లేదు. లోపల సూర్యానికి ఇంకా ఊపిరి ఉందని ఆమెకి తర్వాత తెలిసింది. గేటు దాటి ఆ పట్టాల పక్కన కూలబడి ఉంటే చాలు, అంబులెన్సు వచ్చేదాకా, ఆస్పత్రికి చేరేదాకా అతను ఉండేవాడు. జగ్గారావు జాలిపడి ఆపాడో, సూర్యం నోరు విప్పుతాడని భయపడి ఆపాడో ఆమెకి ఈనాటికీ తెలియదు.

విచారణలో జగ్గారావు, "సూర్యం తాగి ఉన్నాడు, నాకు చెప్పకుండా మధ్యలోకి దూరేడు," అన్నాడు. కాగితం మీద అదే ఎక్కింది. మొగుడు పోయిన దుఃఖం ఎప్పటికో కాస్త మెత్తబడింది కాని ఆ మాట మెత్తబడలేదు. ఆదివారం, చర్చిలో ఇప్పుడున్న ప్రవీణ్ పాస్టరు పగవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యమన్నప్పుడల్లా పోలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, "ప్రభువా, ఆ జగ్గారావుని..." అని మొదలుపెట్టేది. తర్వాతి మాట వచ్చేది కాదు. పాస్టరు ఆమెన్ అనేవారు. అందరూ లేచేవారు.

అలా ఏళ్ళు గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి తల్లీకూతుళ్ళు అన్నానికి కూర్చోబోతుంటే, గేటు అవతల సరస్వతమ్మ నిలబడి ఉంది. అన్నేళ్ళలో ఆమె ఆ సందులోకి రాలేదు. బజార్లో ఎదురుపడితే తల దించుకుని పక్కకి తప్పుకునేది. ఇప్పుడు తల ఎత్తే ఉంది, కాని కళ్ళు ఎక్కడో ఉన్నాయి.

"ఆయనకి పచ్చవాతం కొట్టినాది. తలలో నెత్తురు గడ్డ కట్టిందంట. ఆస్పత్రోళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు," అంది. "సింధు బెంగుళూరు నుంచి వత్తన్నాది. అదొచ్చీవరకూ..." అని ఆగి, అందరూ అడిగే మాటే అడిగింది. "ఖాళీయేనా, ఒదినా?"

త్రివేణి కంచం పక్కకి తోసేసింది. "ఉస్ ఆద్మీ కే లియే? ఆ మనిషి కోసమా?" దానికి కోపం పట్టలేనంత వచ్చినప్పుడే తెలుగు వస్తుంది. "పప్పా కోసం ఎవరు కూర్చున్నారు? కూర్చోనిచ్చారా? వెళ్ళిపొమ్మని చెప్పు మమ్మీ!"

సరస్వతమ్మ గేటు పట్టుకుని నిలబడింది. వెళ్ళిపోనూ లేదు, బతిమాలనూ లేదు.

ఖాళీ లేదని చెప్పాలని పోలమ్మ నోటిదాకా వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, పిల్ల ఇంట్లో ఉంది, అన్నం అయింది, బట్టలు ఉతికేసింది. ఏం పని చెబుతుంది? అంత పెద్ద విషయానికి అంత చిన్న అబద్ధం కూడా దొరకలేదు. ఆమె లేచి స్టూలు తీసుకుంది.

"అన్నం తినేసి గిన్నెలు నానబెట్టీ," అంది కూతురితో.

జగ్గారావు మంచం ముందుగదిలో, కిటికీ పక్కన వేసి ఉంది. నోరు ఒక పక్కకి లాగేసింది. గొంతులో గురగుర. ఒక కన్ను మూతపడిపోయింది, రెండోది తెరుచుకునే ఉంది. పోలమ్మ స్టూలు వేసుకుని కూర్చుంది. ఆ కన్ను నెమ్మదిగా తిరిగి ఆమె మీద ఆగింది. ఆగి, బెదిరింది.

అతనికీ తెలుసు కదా. బస్తీలో అందరికీ తెలిసిందే. ఆమె లేస్తే చాలు.

ఎన్ని ఇళ్ళలో కూర్చుంది! నడుం నొప్పెట్టి, కాళ్ళు తిమ్మిరెక్కి, లేస్తే బాగుణ్ణని ఎన్నోసార్లు అనుకుంది. కాని లెయ్యాలని ఇలా కోరిక పుట్టడం ఎప్పుడూ లేదు. మోకాళ్ళలోంచి పుట్టి తొడల్లోకి పాకుతున్నట్టుంది. ఆమె స్టూలు అంచులు రెండు చేతులా పట్టుకుంది.

సాయంత్రం ప్రవీణ్ పాస్టరు వచ్చారు. కుర్రాయన, సైకిలు మీద తిరుగుతారు. ఎవరు చెప్పారో, చెప్పులు బయట విడిచి గుమ్మంలో నిలబడ్డారు. దేవుడి పటాల ముందు దీపం పెడుతున్న సరస్వతమ్మ, "రండి బాబూ," అంది.

"అమ్మా, ఇతని కోసం ఇద్దరం కలిసి ప్రార్థన చేద్దామా?" అని పోలమ్మని అడిగారు.

"పార్థన మీరు సెయ్యండి బాబూ. నాను కూకోగలను. అంతవరకే నా వల్ల అవుద్ది."

ఆయన కింద కూర్చుని చిన్న గొంతుతో ప్రార్థన చేసుకుని వెళ్ళిపోయారు.

తెల్లారాక సరస్వతమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు గదిలో ఇద్దరే మిగిలారు. పోలమ్మ ముందుకి వంగింది. అన్నేళ్ళుగా లోపల పెట్టుకున్న మాట, గొంతు పెంచకుండా అడిగింది.

"ఆయన ఆ రోజు తాగినాడా?"

జగ్గారావు కన్ను ఆమెనే చూస్తోంది. పెదవులు కదిలాయి. గురగుర తప్ప ఏమీ రాలేదు.

"మాట రాకపోతే మానీ. తాగలేదంటే నా సెయ్యి నొక్కు. సాలు." తన చెయ్యి అతని చేతిలో పెట్టింది. ఎంతసేపో చూసింది. తర్వాత గుర్తొచ్చింది, అది పడిపోయిన చెయ్యి. మంచం అవతలి పక్క బాగున్న చెయ్యి ఉంది. అది పట్టుకోవాలంటే లెయ్యాలి. ఈలోగా అతని కంట్లోంచి నీరు కారి చెవిలోకి దిగింది. ఆ కంటికి రెప్ప పడదు, రాత్రంతా కారుతూనే ఉంది. అది ఏడుపో జబ్బో ఎవరు చెప్పగలరు?

పోలమ్మ తన చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుతో ఆ నీరు తుడిచింది. తుడుస్తుంటే ఒకటి తెలిసొచ్చింది. సింధు కోసం కాదు తను అతన్ని ఆపుతున్నది. ఆ ఒక్క మాట కోసం. ఆ మాట ఇంక రాదు.

సింధు మర్నాడు వచ్చింది. పెట్టె గుమ్మంలోనే వదిలేసి తండ్రి మీద పడి ఏడ్చింది. సరస్వతమ్మ గంగాజలం సీసా తెచ్చింది. చుట్టుపక్కలవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏడవడం అయింది, నీళ్ళు పొయ్యడం అయింది. జగ్గారావు ఊపిరి రంపం లాగినట్టు వస్తోంది. చూస్తున్నవాళ్ళకే రొమ్ములో నొప్పెడుతోంది.

"ఇంక సాలొదినా," అంది సరస్వతమ్మ. "పిల్లని సూసినాడు. లెగు."

పోలమ్మ లేవలేదు.

కాళ్ళు పట్టేశాయనుకుని ఎవరో చెయ్యి అందించారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"లెగలేను ఒదినా."

"ఏటైంది?"

"ఎవులు సెప్పినా లెగిసేదాన్ని. మీ ఇంట్లో మాత్రం..." పోలమ్మ మంచం వంక చూసింది. "నాకు లెగాలనుంది. వచ్చిన కాడ్నించీ అదే ఉంది నా మనసులో. ఇప్పుడు లెగిస్తే నువ్వు సెప్పినావని లెగిసినట్టు కాదు. నాను సంపీసినట్టు."

సింధు కన్నీళ్ళు తుడుచుకుని ఆమె వైపు తిరిగింది. చిన్నప్పుడు ఆమె చేత్తో అన్నం తిన్న పిల్ల.

"ఆంటీ, ఆప్ బద్లా లే రహీ హో," అంది. "పగ తీర్చుకుంటున్నారు. పాపా ఎంత బాధ పడుతున్నారో చూస్తూ కూర్చున్నారు. అదే కదా మీకు కావలసింది?"

కాదు అనడానికి పోలమ్మ దగ్గర రుజువేమీ లేదు. తనకే తెలియదు. లేస్తే చంపినట్టు, కూర్చుంటే హింసించినట్టు. ఆమె స్టూలు అంచులు పట్టుకుని తల దించుకుంది. ఏడుపు కూడా రాలేదు.

అలా ఉండిపోయింది. బస్తీ అంతా రెండుగా చీలి మాట్లాడింది. కొందరు పోలమ్మకి పిచ్చి పట్టిందన్నారు. కొందరు మంచి పని చేస్తోంది, కుళ్ళనీ వాణ్ణి అన్నారు. ఆ రెండో మాట కిటికీలోంచి ఆమె చెవిన పడింది, మొదటిదాని కన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు ఆమెని స్టూలుతో సహా ఎత్తి బయట పెట్టేద్దామని చూశారు. స్టూలు నేలకి అతుక్కున్నట్టుండిపోయింది. వాళ్ళు చేతులు దులుపుకుని ఇళ్ళకి వెళ్ళారు, పొయ్యి మీద కూరలున్నాయి.

మనిషన్నాక అవసరాలుంటాయి. మొదటి రోజు నుంచీ చేస్తున్నట్టే సరస్వతమ్మ మూలన ఉన్న ప్లాస్టిక్ టబ్బు తెచ్చి స్టూలు పక్కనే పెట్టింది. పాత చీర ఒకటి రెండు చేతులా అడ్డం పట్టుకుని అటు తిరిగి నిలబడింది. పోలమ్మ నిలబడకుండానే స్టూలు మీంచి జారి, మళ్ళీ స్టూలు మీదకి పాకింది. సరస్వతమ్మ టబ్బు ఎత్తుకెళ్ళి, కడిగి, తెచ్చి పెట్టింది. సిగ్గుతో పోలమ్మకి కళ్ళు మూసుకుపోయాయి.

"సూర్యం బాబు తాగలేదు," అంది సరస్వతమ్మ, చీర మడతపెడుతూ, గోడ వైపు చూస్తూ. "నాకు తెలుసు. ఈయన నాతో సెప్పలేదు. కాని ఆ రోజు నుంచి నిద్దర్లో సెయ్యి ఊపుతుంటాడు, ఆగు ఆగు అన్నట్టు. పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలీదా? అప్పుడు నోరిప్పలేకపోయినాను ఒదినా. పిల్ల సదువులో ఉంది."

పోలమ్మ ఎదురుచూసిన మాట అది. వినాలనుకున్న నోటి నుంచి కాదు, విన్నాక కలుగుతుందనుకున్నదీ కలగలేదు. "సరే," అంది. మంచం మీద ఊపిరి అలాగే గీసుకుంటూ వస్తోంది.

త్రివేణి పనికి వెళ్తూ వస్తూ డబ్బా తెచ్చేది. మొదట గుమ్మం అవతలే పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత లోపలికి వచ్చి, మంచం వైపు చూడకుండా, తల్లికి ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. చేతులు స్టూలు వదిలితే తూలిపోతోంది మరి. కళ్ళ కింద గుంటలు, పాదాలు బూరెల్లా వాచాయి. "చల్ నా మమ్మీ, ఘర్ చల్," అని ఇంటికి రమ్మంది ఒకసారి, చిన్నపిల్లలా. పోలమ్మ ముద్ద నములుతూ ఉండిపోయింది.

ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేని ఒక పొద్దున, పోలమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగి కింద పడింది. తల గచ్చుకి కొట్టుకుంది. సరస్వతమ్మ కేకకి సింధు పరిగెత్తుకొచ్చింది, పనికి బయల్దేరుతూ డబ్బా ఇవ్వడానికొచ్చిన త్రివేణి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ చెరో పక్కా పట్టి ఆమెని వరండాలోకి మోసుకొచ్చారు. నీళ్ళు చల్లారు, విసిరారు, అరికాళ్ళు రుద్దారు. ఆమె కళ్ళు తెరిచేదాకా లోపల మంచం మీద మనిషి ఉన్నాడన్న సంగతే ఎవరికీ గుర్తులేదు.

ముందు గుర్తొచ్చింది పోలమ్మకే. "నాను లెగిసినానా?" అంది.

అందరూ గుమ్మం వైపు చూశారు. ఎవరికీ లోపలికి వెళ్ళే ధైర్యం లేదు. అప్పుడు లోపల మంచంకోడు మీద ఎవరో కొడుతున్న చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. సింధు లోపలికి వెళ్ళింది. జగ్గారావు బాగున్న చేత్తో మంచం కొడుతున్నాడు. గురగుర లేదు. ఊపిరి మామూలు మనిషిలా వస్తోంది. అతనికి దాహమేస్తోంది.

డాక్టరు వచ్చి చూసి, తలలో వాపు దిగితే ఒక్కోసారి ఇలా తేరుకుంటారన్నాడు. అంతవరకు ఆగేవాళ్ళే అరుదన్నాడు. మాట రాదు, ఎడం పక్క రాదు, కాని బతుకుతాడు అన్నాడు. సరస్వతమ్మ పోలమ్మ పాదాల మీద పడింది. సింధు నిలబడ్డచోటే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. "బతికేడొదినా, బతికేడు!" అంటోంది సరస్వతమ్మ.

పోలమ్మ గోడకి జారబడి డాక్టరు మాటే వింటోంది. అంతవరకు ఆగేవాళ్ళు.

"తివేణీ," అంది, ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటీ మీద వెనక కూర్చుని. "మీ నాయనమ్మ దగ్గర నాను నీళ్ళకి లెగిసినాను."

"తో?" అంది త్రివేణి, అయితే ఏంటన్నట్టు.

"సీతారామరావు గారు. కొడుకొచ్చినాడు, సాలన్నారు, లెగిసీసినాను. ఆ ఒడియా ఆవిడ కూతురు. పదేళ్ళ పిల్ల. సాలన్నారు. ఎవులికీ ఆగలేదు నాను. ఒక్కరికీ. ఈడి దగ్గర ఆగినాను."

త్రివేణి స్కూటీ పక్కకి తీసి ఆపింది. వెనక్కి తిరిగి తల్లిని చూసింది. ఏదో చెప్పాలని హిందీలోనూ తెలుగులోనూ వెతుక్కుంది. లారీలు పోతున్నాయి. చివరికి తల్లి కొంగు చక్రంలో పడకుండా ఒళ్ళో సర్ది, మళ్ళీ బండి నడిపింది.

ఆగి ఉంటే వాళ్ళూ బతికేవారా అని ప్రవీణ్ పాస్టరుని అడిగింది. "అందరూ ఇలా లేచేవారని ఏముందమ్మా," అన్నారు. లేచేవారు కాదనీ ఏమీ లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, తల వంచుకుని సైకిలు తాళం తిప్పుతూ నిలబడ్డారు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. "అత్తా, ఖాళీయేనా?" అంటే పోలమ్మ, "వత్తాను. కాని ఎవులొచ్చినా, ఎవులు సాలన్నా లెగను. నా అంతట నాను పడిపోవలిసిందే. మీకు ఇష్టమేనా?" అనేది. "ఇంట్లో అడిగి చెప్తాను," అనేవారు. మళ్ళీ చేసేవారు కాదు. వాళ్ళనీ ఏమీ అనడానికి లేదు. చిన్న ఇళ్ళు, పనిపాటల మనుషులు. నొప్పితో మూలిగే మనిషిని ఎన్నాళ్ళని చూస్తారు?

ఒకరోజు పొద్దున్న గోవింద్‌పూర్ నుంచి పైడిబాబు అనే అతను చేశాడు. వాళ్ళమ్మకి బాగులేదు. పోలమ్మ చెప్పాల్సింది చెప్పింది. "ఇంట్లో అడిగి చెప్తానండి," అని అతను ఫోను ఎక్కడో పెట్టాడు. పెట్టాడు గాని కట్ చెయ్యడం మర్చిపోయాడు. పోలమ్మ చెవిలో దూరంగా మాటలు, గిన్నెల చప్పుడు. వాటన్నిటి వెనకా ఒక ముసలి ఊపిరి. వస్తుందో రాదో అన్నట్టు వస్తోంది.

పోలమ్మ అప్పటికి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఉన్నపళంగా అక్కడే గడప మీద కూర్చుంది.

ఫోనులోంచి ఇది పనిచేస్తుందో లేదో ఆమెకి తెలియదు. ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఆమె ఫోను చెవికి అదిమి పెట్టుకుని, రెండో చేత్తో గుమ్మం పట్టుకుని ఊపిరి వింటూ కూర్చుంది. పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వచ్చింది. లేవలేదు.

త్రివేణి పనికి వెళ్ళడానికి చున్నీ వేసుకుంటూ వచ్చి, పొయ్యి కట్టేసి, తల్లి ముఖం చూసింది. వంగి ఆ ఫోనుకి తనూ చెవి ఆనించింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత నిటారుగా నిలబడి, "బ్యాటరీ కిత్నీ హై?" అంది.

"తెలీదే," అంది పోలమ్మ.

త్రివేణి లోపలికి వెళ్ళి చార్జరు తెచ్చింది. దాని తీగ గుమ్మందాకా అందలేదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు వెతికి తెచ్చి, గుచ్చి, తల్లి చెవి దగ్గర ఫోను కదలకుండా మెల్లిగా పిన్ను పెట్టింది. పళ్ళ డాక్టరుకి ఈ రోజు రానని మెసేజి పెట్టి, గడప మీద తల్లికి ఆనుకుని కూర్చుంది.